ఇసుకలో మెత్తటి టైర్లు

మంగళవారం పరీక్ష. నెగ్గితే నా మనవరాలు పుష్పరాణి రాజస్థాన్ వెళ్ళిపోతుంది. అక్కడ ఎడారిలో సోలార్ ప్లాంటు కడుతున్నారు. ఫోర్ వీల్ జీపును ఇసుకలో దిగబడకుండా నడిపి చూపిస్తే డ్రైవరుగా తీసుకుంటారట. వెళ్ళాక ఫోనే దిక్కు; ఫోనులో నాకు సగం మాటలు గొంతు దాటవు. ఉత్తరం రాద్దామంటే, హౌరాలో పుట్టిన ఈ పిల్లకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు పట్టుకున్న నాకు తెలుగు తప్ప ఇంకొకటి రాదు.

దానికి నేర్పుతున్నది పక్కింటి గోవిందరాజు, కార్పొరేషన్ లారీ నడిపి రిటైరైనవాడు. ఇక్కడి బెంగాలీ పిల్లల్లాగే అది అతన్ని దాదూ అని, అంటే తాతా అని పిలుస్తుంది. ఆదివారం పొద్దున్న, అతను అడిగి తెచ్చి మా వాకిట్లో పెట్టిన జీపులో నన్ను కూడా ఎక్కించుకుని సంత్రాగాఛి రైల్వే యార్డు అవతలికి వెళ్ళారు. రోడ్డు పని కోసం పోసిన ఇసుక అక్కడ మైదానమంతా ఉంది. జీపు పది గజాలు పోయి కూరుకుపోయింది.

"ఇంజను రేజ్ చెయ్యకు, ఇంకా లోతుకెల్తాది," అన్నాడు గోవిందరాజు. చక్రాల చుట్టూ ఇసుక పారతో తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రప్పించాడు. మళ్ళీ దిగబడింది. మూడోసారీ అంతే.

"నిన్న బాగానే తోలినావు కదే. ఈయాల ఏటైంది నీకు?"

"నాకేటి తెల్సు దాదూ. నిన్నట్లాగే మెల్లగా తొక్కుతున్నాను."

"అయితే పరీక్షకి ఎల్లకు. నేర్పినోడి పరువు పోతాది."

పుష్పరాణి స్టీరింగు మీద తల పెట్టుకుంది. వారం రోజులుగా నా గుండెల్లో ఉన్న బరువు తేలికైంది. దాని వంగిన మెడ చూశాక, ఆ తేలికకే సిగ్గేసింది.

"గోవిందరాజూ, తెల్లారి చూస్తే టైర్లు చప్పబడిపోయున్నాయి. మూల మీద కొట్టువాడిని పిలిచి గాలి పట్టించాను," అన్నాను.

మా ఆయన బంగారయ్య చెత్త లారీ నడిపేవాడు. నాలుగు టైర్లూ కాలితో తన్ని చూడందే ఇల్లు కదిలేవాడు కాదు. మెత్తగా ఉంటే గాలి పట్టించాల్సిందే. ఆయన పోయాక, ఎవరు బయల్దేరినా నేను టైర్లే చూస్తాను.

గోవిందరాజు నుదురు కొట్టుకున్నాడు. "ఇసకలో టైరు ఒంటె కాలులాగ ఎడల్పుగా పరుచుకోవాలప్పా. అందుకే నిన్న నేనే గాలి తీసీసినాను, ఈయాల మళ్ళీ ఇసకే కదా అని అలాగే ఒగ్గీసినాను. బంగారయ్య బావ పెళ్ళానివి, ఊరుకుంటావేటి?"

"మామ్మా, నన్నాపడానికే చేసినావా?" అంది పుష్పరాణి.

"తెలీక చేసినాను. దిగబడ్డాక మాత్రం, అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది."

అది జీపు దిగి వచ్చింది. ఒక పుల్ల విరిచి నా చేతికిచ్చింది. వెనక చక్రం దగ్గర కూర్చుని వాల్వులో నొక్కిపట్టాను. గాలి బుస్సుమంటూ పోతోంది. గోవిందరాజు మీటరు పెట్టి, "ఇంకొంచెం," అంటున్నాడు.

ఈసారి జీపు ఆగలేదు. వెడల్పుగా మలుపు తిరిగి, బ్రేకు వెయ్యకుండా నెమ్మదించి, మైదానం చివరిదాకా పోయింది. అక్కడ చిన్నదైపోయింది. నేను చెయ్యి ఎత్తాను. అది చూసిందో లేదో.

తిరుగు దారిలో రోడ్డెక్కేముందు మళ్ళీ గాలి పట్టించాం. పుష్పరాణి దిగి, చుట్టూ నడుస్తూ ఒక్కో టైరునూ కాలితో తన్ని చూసింది. తాతను అది ఎన్నడూ చూడలేదు.

"ఎవరు చెప్పినారే అలా తన్నమని?"

"నువ్వే రోజూ చెప్తావు కదా మామ్మా."

"ఆ నాలుగోది సరిగా తన్నలేదు," అన్నాను. "మళ్ళీ తన్ను."