అధ్యక్షుడి గొడుగు

తడిగుడ్డతో ముందు అద్దం తుడిచి, చక్రాలను ఒక్కొక్కటే కాలితో తన్ని చూసి, డ్రైవరు తన సీటెక్కాడు. బడిపిల్లల్ని మాజీ అధ్యక్షుడి మ్యూజియానికి తీసుకెళ్లి తెచ్చే బస్సు అది. ఇంజను వేడికి మోకాళ్లు అలవాటుపడిపోయాయి. కిటికీ వైపు మోచెయ్యి ఎండకు కమిలి, రెండోదాని కంటే బాగా నల్లబడింది. ఇవాళ్టితో ఉద్యోగం సరి. బండి అప్పజెప్పాల్సిన కొత్త డ్రైవరు దారి చూసుకోవడానికి పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో, పెట్టెలోంచి తీసిన మంచి బట్టల్లో, భార్య.

ఆమెను రమ్మన్నది పెద్దటీచరమ్మ. "ఆఖరి ట్రిప్పు కదా, మీ ఆవిడక్కూడా చూపించండి" అంది. కాదనడానికి ఒక్క సాకూ దొరకలేదు. అప్పటినుంచీ అతని పని కుడితిలో పడ్డ ఎలకలా ఉంది.

ఇన్నేళ్లలో అతను ఒక్కసారైనా ఆ మ్యూజియం గడప తొక్కలేదు. పిల్లల సంచులన్నీ బస్సులోనే ఉంటాయి కనుక డ్రైవరు బండి వదలకూడదు. మొదటిసారి వెళ్లొచ్చిన రోజు భార్య కళ్లింత చేసుకుని "ఏం చూశారు?" అని అడిగింది. బండిలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నానని చెప్పడానికి నామోషీ అనిపించింది. "అధ్యక్షుడి గొడుగు చూశా. అన్నీ అతుకులే. తనే కుట్టుకునేవాడట" అనేశాడు. తర్వాత్తర్వాత ఒక కాలు పొట్టిదైన కుర్చీ వచ్చింది, ఆయన కంచంలోనే తినే పిల్లి వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వీధి వీధంతటికీ ఇప్పుడా గొడుగు తెలుసు.

"ఏమండీ, పిల్లి బొమ్మ కూడా పెట్టారా అక్కడ?" అని వెనక నుంచి అడిగింది.

"వెళ్లాక చూద్దువుగానీ" అని, మలుపు లేకపోయినా హారన్ కొట్టాడు.

కొత్త డ్రైవరును బండి దగ్గర ఉంచి, పిల్లల వెనకే ఇద్దరూ లోపలికి నడిచారు. అద్దాల పెట్టెల్లో కళ్లజోళ్లు, కలాలు, భుజం దగ్గర వెలిసిపోయిన కోటు. ఆ పక్కన పైకప్పు దాకా పుస్తకాలున్న గది, అందుకోవడానికి చక్రాల నిచ్చెన. అతను భయం మర్చిపోయి ప్రతి పెట్టె మీదికీ వంగి చూశాడు. "ఇన్ని చదివినాయనకి దేశాన్ని చూసుకునే తీరిక ఎక్కడిదే?" అన్నాడు.

ఆమె వినిపించుకోలేదు. గదులన్నీ వెతికి, అవన్నీ చూపిస్తున్న అమ్మాయిని పట్టుకుంది.

"గొడుగెక్కడమ్మా?"

"ఇక్కడ గొడుగేం లేదండీ."

"లేకపోవడమేంటి? అతుకుల గొడుగు. మా ఆయన కళ్లారా చూశారు! ఎవరో పట్టుకుపోయుంటారు. మీ పెద్దవాళ్లని పిలువు."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. పై అధికారికి చెప్పడానికి ఫోను తీసింది. తన మూలంగా ఆ పిల్లకి మాట వచ్చేలా ఉందని డ్రైవరుకు అర్థమైంది.

"ఆగవే. అది ఇక్కడిది కాదు. నేనెప్పుడూ ఈ లోపలికే రాలేదు."

ఆమె అతన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "మరెవరిది?"

"మా నాన్నది."

తండ్రి అతని చిన్నతనంలోనే పోయాడు. ఫొటో లేదు, చొక్కా లేదు. ఆయన గురించి చెప్పబోయి ప్రతిసారీ ఇంకో మాట ఎత్తుకునేవాడు. అధ్యక్షుడి పేరు పెట్టుకుంటే మాత్రం నోరు పెగిలేది.

ఆమె బల్ల మీద కూలబడింది. "కుర్చీ?"

"నాన్నదే."

"పిల్లి?"

"అదీ."

అతను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు.

"మామగారి గొడుగుని ఇన్నేళ్లూ నా చేతే పరాయివాడి చేతిలో పెట్టించారు కదండీ!" అని ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. "ఇంతకీ ఆ పిల్లి ఏ రంగు?"

పిల్లలు బయటికి వచ్చేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రం బడి దగ్గర తాళంచెవి కొత్త డ్రైవరు చేతిలో పెట్టి, బస్సు బానెట్‌ను ఒకసారి తట్టి, భార్యతో కలిసి గేటు దాటాడు. ఆమె ఇంకా ఏదో అడుగుతూనే ఉంది. కొత్త డ్రైవరు సీట్లో కూర్చుని తన ఎత్తుకు అద్దం సరిచేసుకోబోయాడు. అద్దం మూలన, పొద్దున అక్కడ లేని మ్యూజియం టిక్కెట్టు ఒకటి దోపి ఉంది, ఇంకా చింపనిది.