గోడ మీద సామి

బంగళా అమ్ముడుపోవాలి, తోట పీడ వదలాలి. మునిచంద్రకు ఇంతకు మించి కోరిక లేదు. చిన్నప్పుడే నాయన అతని బడి మాన్పించి చేతికి నీళ్ల గొట్టమిచ్చాడు. అన్న హరినాథ్ చదువుకుని చిత్తూరు కోర్టులో లాయరయ్యాడు. తమ్ముడు మామిడిచెట్లకూ సపోటాచెట్లకూ నీళ్లు పెడుతూ నడివయసుకొచ్చాడు. ఎవరి పెళ్లికి పోవాలన్నా ముందు కరెంటు ఎప్పుడొస్తుందో చూసుకుని పోవాల్సిన బతుకు. ఇల్లు అమ్ముడైతే తన వాటాతో రేణిగుంటలో రెండు గదుల ఇల్లు కొనాలనీ, అందులో తులసికోట కూడా ఉండకూడదనీ పెళ్లాం పంకజాక్షికి ముందే చెప్పిపెట్టాడు.

మంచి బేరం రావాలని అన్నదమ్ములు బంగళాను బాగు చేయించారు. మిద్దె కురవకుండా చేశారు, కొత్త బండలు పరిచారు, ప్రహరీకి మీగడ రంగు వేయించారు. చిక్కంతా ఆ ప్రహరీతోనే వచ్చింది. చిత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డు పక్కనే గోడ. గోడ మీదికి మామిడి నీడ. నీడ కనిపిస్తే చాలు, లారీలు ఆగుతాయి, కార్లు ఆగుతాయి, దిగినవాడల్లా ఒంటికి పోసి గాని కదలడు. రంగు పచ్చిగా ఉండగానే గోడ కంపు కొట్టింది.

"బోర్డు రాయించురా" అన్నాడు హరినాథ్ ఫోన్లో. ఇచ్చట మూత్రము పోయరాదని పెద్దక్షరాలతో రాయించారు. జనం ఆ అక్షరాలు చదువుకుంటూ పోశారు.

బ్రోకరు ఢిల్లీబాబు వచ్చి చూసి నవ్వాడు. "దీనికి చదువు పనికిరాదప్పా. తిరపతిలో సామి బొమ్మల టైల్సు అమ్ముతారు. ఒగటి తెచ్చి అంటించు. ఎవుడు పంచె ఎత్తుతాడో సూస్తాం."

వెంకటేశ్వరస్వామి టైలు తెచ్చి గోడ మూలన అంటించారు. ఆ రోజే గోడ ఆరిపోయింది. మునిచంద్ర మురిసిపోయాడు.

అంతలో పెరటాసి వచ్చింది, తమిళులు శనివారాలు సామికి మొక్కే నెల. వేలూరు వైపు నుంచి పసుపుబట్టలు కట్టుకుని తిరుమల కొండకు నడిచిపోయేవాళ్లు ఆ నీడలో ఆగి, టైలు చూసి, కర్పూరం వెలిగించారు. వెనక వచ్చినవాళ్లు టెంకాయ కొట్టారు. ఎవరో పైన రేకు వేశారు. ఎవరో గంట కట్టారు. ఒక పూలామె బుట్ట దించుకుని అక్కడే కూర్చుంది.

సరిగ్గా అప్పుడే బేరం తగిలింది. బంగారుపాళ్యంలో మామిడి మండీ నడిపే భానుచందర్ ఢిల్లీబాబుతో వచ్చి గదులన్నీ తిరిగాడు, తోటలో సపోటా కోసుకుని తిన్నాడు, ఇల్లు తనదే అన్నట్టు వరండాలో కాళ్లు చాపుకున్నాడు. వెళ్లబోతుంటే గంట మోగింది. పోయి చూశాడు.

"ఇదేంది మునిచంద్రా, గుడా?"

"గుడి కాదన్నా. టైలు."

"టైలుకు గంటెందుకుండాది?"

"మేం కట్టలేదన్నా. దానంతట అదే వచ్చింది" అన్నాడు ఢిల్లీబాబు.

"గుడిగోడా ఇంటిగోడా ఒగటైతే సంసారులు యాడ కాపరం జేసేది? ఇంట్లో పురుడుంటాది, మైలుంటాది. సామిని తీసేయండి, రేపే అడ్వాన్సిస్తా" అని కారెక్కాడు భానుచందర్.

గోడకు పనిచేసిన మేస్త్రీ కుప్పయ్య ఉలి పట్టుకుని వచ్చాడు. కర్పూరం వెలుగుతుంటే చూసి ఉలి మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

"నాకు పిల్లలుండారప్పా."

"నాకు లేరా?"

"అందుకే నువ్వు గూడా తీయొద్దు."

మునిచంద్ర అన్నకు ఫోన్ చేశాడు. "అంటించింది నువ్వు, తీసేదీ నువ్వే" అన్నాడు హరినాథ్. "ఈ ముక్క చెప్పేదానికా లా చదివినావు?" అని మునిచంద్ర పెట్టేశాడు. తనే ఉలి తీసుకుని గోడ దాకా పోయాడు. పూలామె అతని చేతిని చూసింది, ఒక మూర మల్లెపూలు అందించింది. పూలు టైలుకు వేసి వెనక్కి వచ్చాడు.

"సామి కదలకపోతే ఇంటిని కదిలించు" అంది పంకజాక్షి, అన్నం వడ్డిస్తూ. "లోపక్కన ఇంకో గోడ కట్టించు. ఆ మూల బయటికి పోతుంది. సామిది సామికి, మనది మనకు."

మర్నాడు కుప్పయ్య సంతోషంగా తాపీ పట్టుకున్నాడు. తోట మూల తెగి, ఒక మామిడిచెట్టుతో సహా స్వామి వైపు పోయింది. భానుచందర్ వచ్చి కొత్త గోడ చూసుకుని సరేనన్నాడు.

రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు రాసే ఆయన హద్దులు అడుగుతూ ఆ మూల దగ్గర ఆగాడు. "ఈ పక్క ఎవరి స్థలమని రాసేది? సామి పేరు రాస్తే కాగితాలు అడుగుతారు."

"నాకొద్దు. కోర్టులో తిరిగేవాణ్ణి, నాకెందుకు గుడి గొడవలు?" అన్నాడు హరినాథ్. "ఆ మూల వాడికే రాసిస్తా."

అందరూ మునిచంద్ర వైపు చూశారు. చేతికి మళ్లీ ఎవరో గొట్టం ఇచ్చినట్టయింది అతనికి. కాదనడానికి నోరు తెరిచాడు. పంకజాక్షి కూడా చూస్తోంది. తలూపాడు.

మునిచంద్ర గారి స్థలం అని రాశారు. ఇంతకాలం నీళ్లు పెట్టిన నేలలో తన ఒక్కడి పేరు మీద పడింది ఆ మూల ఒక్కటే. అక్షరాల మీద వేలు పెట్టి ఒకసారి చదువుకున్నాడు.

బయటికొచ్చాక ఢిల్లీబాబును పక్కకు పిలిచాడు. "ఇది గూడా అమ్మిపెడతావా?"

ఢిల్లీబాబు రెండు చేతులూ జోడించాడు. "సామిని అమ్మే అంత బ్రోకర్ని కాదప్పా నేను."

మునిచంద్ర వేలిముద్ర సిరా తుడుచుకుంటూ, రేణిగుంట నుంచి సామి గోడ దగ్గరికి శనివారాలు తెల్లవారుజామున బస్సు యాడ ఎక్కాలో పంకజాక్షిని అడిగాడు.