సగము చెక్కిన యక్షరము

వర్షధారాక్షాళితపర్వతశిఖరపరివృతమగు కువాసే నదీతీరమున నొకనాఁటి శ్రావణసాయంసంధ్యయందు జపానుదేశపు గ్రామస్థులెల్లరు తమ పితృదేవతల పేరిట కాగితపు దీపములను నీట విడుచుచుండిరి. ఆ నదిపై రాతివంతెనను నిర్మించిన చీనాదేశపు శిల్పి లియాంగు మాత్రము తన సమాధికై తెచ్చుకొన్న శిలాఫలకమునెదుటఁ గూర్చుండి చేతనున్న యులిఁ గదల్పలేక కుమిలిపోవుచుండెను.

వంతెన కట్టునాఁడు జాఱిపడిన బండక్రింద నాతని యొక్కగానొక్క కొడుకు జున్ నలిగిపోయెను. పుత్రశోకమునకు క్షయరోగము తోడై యా వృద్ధుని నిలువునఁ దినుచుండెను. పుత్రహీనునకు గతి లేదను మాట మనకే కాదు, చీనావారికిని శిరోధార్యమే. వంశమునకుఁ బెద్ద యను నర్థమిచ్చు 'జూ' యను నక్షరమును జెక్కఁబూని దేవపీఠమును సూచించు నెడమభాగమును ముగించెను. కుడిభాగమునకుఁ జేయి రాలేదు. పీఠము కలదు గాని మ్రొక్కువాఁ డేఁడీ? తా నెవనికిఁ బెద్ద? ముసలివాని గుండె చెఱువయ్యెను.

తుదకు సుత్తి యెత్తి ఫలకమును బగులఁగొట్టఁబోవఁగా నిరువదియేండ్లుగా నాతనియొద్దఁ బనిచేయుచున్న జపాను శిష్యుఁడు సకుజో వచ్చి చేయి పట్టుకొనెను.

"నన్నీ మాటతోఁ బిలుచువాఁడు లేఁడు నాయనా. అబద్ధమును రాతిపైఁ జెక్కుకొని చావనొల్లను" అని లియాంగు పలికెను.

సకుజో సిరాకుంచె గైకొని యక్షరపు కుడిభాగమును బూరించి దానికిఁ బైవైపునఁ 'దెఱచుట' యను నర్థముగల మఱియొక యక్షరమును వ్రాసెను. లియాంగు చదివెను. అక్షరములు తన దేశపువే. శిష్యుఁడు మాత్రము వానిని 'కైసో' యని పలికెను.

"అయ్యా, మీ 'జూ' మా నోట 'సో' యగును. దారి తెఱచి విద్య నిలిపిన మూలపురుషుఁడు మాకుఁ గైసో. ఈ నదిపై రాయి నిలుపుట మీవలన నేర్చిన పన్నిద్దఱము మిమ్ము మఱియేమని పిలుతుము?"

"ఈ మాటచే నా కొడుకు తిరిగివచ్చునా?"

"రాఁడు."

ఆ నిజమునకు వృద్ధుఁడు చాలసేపు విలపించెను. పిదప సుత్తిని నేలఁ బెట్టి, ఫలకముపై నా యక్షరముల క్రింద శిష్యుల పేర్ల వరుసలో మొదటిపేరు జున్‌దిగాఁ జెక్కుమని మాత్రము కోరెను. హేమంతము రాకమున్నే యాతఁడు కన్నుమూసెను.

మఱుసటి శ్రావణమున నా వంతెనక్రిందఁ బదుమూఁడు దీపములు సాగిపోయెను. పన్నెండును శిష్యులవి. అన్నిటికి ముందు సాగినది కొడుకు జున్‌కు మాఱుగా శిష్యులు తండ్రికి విడిచినది.