కండెమ్మ లాంచీ

నేను ఒక లాంచీని. కాకినాడలో ఇనుపరేకులు అతికించి నన్ను తయారుచేశారు. నీటిపారుదల శాఖ ఇంజనీర్లను ఎక్కించుకుని గోదావరి గట్ల తనిఖీకి తిరిగేదాన్ని. వాళ్ళు గట్లకంటే టిఫిన్ క్యారియర్లనే ఎక్కువ శ్రద్ధగా తనిఖీ చేసేవారు. తర్వాత గట్టు మీద రోడ్డు పడింది, జీపులొచ్చాయి, నేను మిగులు సామానునయ్యాను. ఒక అధికారి వచ్చి నా పక్కన ఎర్రరంగుతో ‘కండెమ్’ అని రాయించాడు. ఇక పనికిరాదని ఆ మాటకర్థం.

అయితే సర్కారు పనికిరానిదాన్ని వెంటనే పారేయదు. వేలానికి ముందు, కావాలేమోనని మిగతా శాఖలను అడుగుతుంది. ఎవరూ ఉలకలేదు. పాత ఇనుము కొట్టుకు పోవడమే తరువాయి అనుకుంటుండగా గోదావరి మధ్య లంకల్లో పనిచేసే నర్సు సువార్త రేవుకొచ్చింది.

“నూకరాజుగారూ, ఇంజను ఆడుద్దా?” అని నన్ను నడిపే సరంగును అడిగింది.

“ఆడుద్దండి. కండెమ్ చేశారన్న సంగతి దానికింకా తెలీదండి.”

అలా ఆరోగ్య శాఖకు మారాను. ఆ ఎర్ర అక్షరాలు చెరపడం ఏ శాఖ పనో మాత్రం తేలలేదు. నీళ్ళకు చివరి పొల్లు చెరిగిపోయింది. లంకవాళ్ళు మిగిలిన ‘కండెమ’ను కండెమ్మ అని చదువుకుని, ఎవరో అమ్మవారి పేరనుకుని, నాకు పసుపు రాశారు. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

శ్రావణంలో వరదొచ్చింది. లంకలో వీరవేణి అనే అమ్మాయికి పురిటినొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. పెద్దాసుపత్రి అవతలి ఒడ్డున ఉంది, ఆమెను ఎక్కించుకుని బయల్దేరాను. నడి గోదావరిలో నా ఇంజను ఆగిపోయింది. ఎర్రనీరు నన్ను పక్కకు ఈడ్చుకుపోతుంటే, ఆ అధికారి రాయించిందే నిజమేమోనని వణికిపోయాను. నూకరాజు ఇంజను మీదికి వంగాడు. వీరవేణి అత్త నా అంచు పట్టుకుని, “కండెమ్మ తల్లీ, ఇద్దర్నీ ఒడ్డెక్కించమ్మా” అంది. అంత నమ్మకంతో నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు.

ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ అందుకుంది. ఎలాగో నాకూ తెలీదు.

వారం తర్వాత తిరుగు ప్రయాణంలో వీరవేణి నీరసంగా బల్లకు చేరగిలబడింది. అత్త పసిదాన్ని ఎత్తి, ఆ మెత్తటి నుదురును నా ఇనుముకు తాకించి, “అమ్మకు దణ్ణం పెట్టుకోవే” అంది. అంత వరదను దాటి లోకంలోకొచ్చిన ప్రాణి గుప్పెడంత కూడా లేదు. నాకు నోరు లేదు గనక ఆవిడ పొరపాటును దిద్దలేకపోయాను. ఆ నుదురు తగిలినంతసేపూ నేనే ఆ పిల్లకు దణ్ణం పెట్టుకున్నాను.