మోగని గంట

పొద్దున లేవగానే అక్క చేసే మొదటి పని గది కొలవడం. బట్టలు కుట్టే మనిషి కాబట్టి టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగదీసి, చెల్లెలి వైపు ఓరగా చూసి, "మళ్ళీ బెత్తెడు పోయింది. అంతా నీ నోటి పుణ్యమే," అంటుంది.

"రాత్రి మొదలుపెట్టిందెవరో?" అని చెల్లెలు అనగానే ఇంకో వేలెడు పోతుంది.

కోపంగా మాటంటే ఆ ఇంట్లో గదులు కుంచించుకుపోతాయి. అందులో ఎవరికీ వింతేమీ లేదు. వీళ్ళ అరుపులు వినిపిస్తే పక్కింటాయన, "ఈసారి బీరువా బయటికొస్తుంది కాబోలు," అనేవాడు, సాయంత్రానికి బీరువా వరండాలో ఉండేది. తండ్రి పోయాక జరిగిన పెద్ద గొడవలో చెల్లెలి గది తలుపునే గోడ మింగేసింది. ఆమె మంచం, బట్టల పెట్టె అవతలే ఉండిపోయాయి. అప్పటినుంచి ఇద్దరికీ ఒకటే గది, ఒకటే బల్ల. బల్లకి ఒక కొసన కుట్టుమిషను, రెండో కొసన పాత కంప్యూటరు.

"ఇంకో జానెడు తగ్గిందంటే నీ డబ్బా వరండాలోకే. మిషను మాత్రం కదలదు," అని అక్క తేల్చి చెప్పేసింది.

ఆ డబ్బా పోతే చెల్లెలి బతుకు అక్క చేతికింద కాజాలు కుట్టడంతోనే తెల్లారిపోతుంది. ఫోన్ల ఆఫీసులో ఉద్యోగం ఊడాక ఆమె ప్రోగ్రామింగు కోర్సులో చేరింది. సోమవారానికల్లా సొంతంగా ఒక టైమరు చేసి చూపిస్తే వేరే ఊళ్ళో ఉద్యోగం, ఉండటానికి గది ఇప్పిస్తామన్నారు. అరవై నుంచి అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి చివర గంట మోగాలి, అంతే. చిన్నపిల్లల ఆటలా కనిపించే ఆ పని ఆమెను నానా తిప్పలూ పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఎట్టకేలకు అంకెలు కదిలాయి.

అక్క నోట్లోని గుండుసూది తీసి మరీ అంది: "దీనికా ఇన్నాళ్ళు పట్టింది? నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

గోడ కిర్రుమంటూ ముందుకొచ్చింది. కంప్యూటరు బల్ల అంచున ఊగింది. చెల్లెలికి ఒళ్ళు మండింది, అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

"ఒక పని చెయ్యక్కా. దీని గంట మోగేదాకా నోరు మూసుకో. మోగాక ఎంత తిట్టుకుంటావో తిట్టుకో."

"నువ్వూ మూసుకుంటావా?"

"మూసుకుంటా."

"చూద్దాం, ముందు ఎవరు నోరు తెరుస్తారో."

పంతం దగ్గర ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. అంకెలు తగ్గుతుంటే అక్క లోలోపల తిట్లు పోగుచేసుకుంటోందని పెదవులు చూస్తేనే తెలుస్తోంది. సున్నా వచ్చింది. గంట మోగలేదు. తెరమీద మైనస్ ఒకటి వచ్చింది, వెనకే మైనస్ రెండు.

చెల్లెలు నాలుక కరుచుకుంది. తగ్గించమని రాసింది, ఆగాక గంట కొట్టమని రాసింది, సున్నా దగ్గర ఆగమని మాత్రం రాయలేదు. ఆ మాట పైకి చెబితే తను ఓడినట్టు. ఇదేమిటని అడిగితే అక్క ఓడినట్టు. ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు.

మనసులో ఏమున్నా గోడలకు పట్టదు, వాటికి కావలసింది నోటి మాటే. ఇద్దరూ మేలుకుని ఉండి ఇంతసేపు ఒక్క కోపపు మాటా లేకపోయేసరికి అవి వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. పక్కింటాయన తొంగిచూసి, బీరువాను లోపలికి తోసి వెళ్ళిపోయాడు. గదితో పాటు బల్లా సాగింది, నేలా సాగింది. ఎండ వాలేసరికి చెల్లెలి వెనక గోడలోంచి ఆమె గది తలుపు గడియతో సహా బయటపడింది.

ఆమె లోపలికెళ్ళి, పెట్టె దుమ్ము దులిపి తెచ్చుకుంది. అప్పుడు చూస్తే, ఎక్కడో దూరాన అక్క దారపు ఉండంత కనిపించింది. నిలబడి ఉంది. టేపు చేతిలో వేలాడుతోంది. నోరు కదులుతోంది, మాట మాత్రం ఇంత దూరం వినిపించడం లేదు.

ముందు నోరు తెరిచింది అక్కే. కానీ గెలిచానన్న సంతోషం చెల్లెలికి కలగలేదు. ఒక్క లైను రాస్తే చాలు, అంకెలు ఆగుతాయి, గంట మోగుతుంది. వేళ్ళు కీబోర్డు దాకా వెళ్ళాయి కూడా. ఇన్నేళ్ళ మాటలన్నీ గుర్తొచ్చి ఆగిపోయాయి.

ఆ లైను రేపు క్లాసులోనే రాసుకోవచ్చనుకుంది. ప్రోగ్రామును పెన్ డ్రైవులోకి ఎక్కించుకుని, కంప్యూటరును అలాగే నడవనిచ్చి, పెట్టె తీసుకుని వరండాలోకి వచ్చింది.

తలుపు వెయ్యబోతూ ఒకసారి వెనక్కి చూసింది. అక్క ఇంకా మాట్లాడుతూనే ఉంది. గోడలు మాత్రం వెనక్కే జరుగుతున్నాయి, అంగుళం కూడా దగ్గరికి రావడం లేదు. అంటే అవి తిట్లు కావు. ఆ సంగతి చెల్లెలికి తెలిసింది.

తెలిసే తలుపు వేసింది.