వెనక బల్ల మీద పేతురు గారు

ఒల్యావ్ రేవు పక్కన సముద్రం నీళ్ళు వెనక్కి తీసేసరికి దియోలిండా బురదలో ఉంటుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో పొట్టి కత్తి, నడుముకి వల సంచి. మళ్ళీ నీళ్ళు ఎక్కేలోగా ఎన్ని ఆలుచిప్పలు ఏరితే అంతే ఆ రోజు బతుకు. పక్కనే ఫెలిస్మీనా ఏరుతూ ఉంటుంది. వయసులో చిన్నది, నోరు పెద్దది.

“ఈ గురువారమైనా పొట్లానికి వెళ్తావా అక్కా?”

“గుమ్మం బయట నుంచోబెట్టి పేరు పెట్టి పిలుస్తారు. నా వల్ల కాదు. నువ్వెళ్ళు.”

“నేను వెళ్తే నా సంచి దానంతటదే నిండుతుందా?”

ప్రతి గురువారం పదకొండింటికి చర్చి వాళ్ళు బీదవాళ్ళకి సరుకుల పొట్లాలు పంచుతారు. ఈ మధ్య సగం మిగిలిపోతున్నాయి. ఆ పంపకం చూసే సంఘానికి పెద్ద ఎర్మీనియా గారు, మందుల షాపు ఆవిడ, నొచ్చుకున్నారు. “అక్కర్లేని వాళ్ళకి పెట్టడం ఎందుకు, ఆపేద్దాం” అన్నారు. ఫాదర్ అన్సెల్మో ఆ ఊరికి వచ్చి ఏడాదే అయింది. ఆపే ముందు వాళ్ళనే అడుగుదామని బురదలోకి దిగి, మోకాళ్ళ దాకా కూరుకుపోయాడు. ఆడవాళ్ళిద్దరూ చెరో చంక పట్టి లాగారు.

“ఆదివారం పూజ అయ్యాక సంఘం కూర్చుంటుంది. వచ్చి మీ మాట చెప్తారా?” అన్నాడు ఆయన, రొప్పుతూ.

“చెప్పడానికేం, చెప్తాం. వినేవాళ్ళుండాలి కదా ఫాదర్ గారూ” అంది దియోలిండా.

ఆదివారం సంఘం వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. బురద ఆడవాళ్ళు ఎప్పటిలాగే చిట్టచివరి బల్ల మీద. దియోలిండా లేచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“గురువారం పదకొండింటికి, అంటారు మీరు. సగం గురువారాలు సరిగ్గా అప్పుడే నీళ్ళు తీస్తాయి. మీ పొట్లానికి వస్తే మా పని పోతుంది. ఇక్కడున్న వాళ్ళలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా?”

అప్పుడు పీఠం పక్క గూట్లోంచి పేతురు గారు దిగారు.

ఆ చర్చిలో కొయ్య విగ్రహంగా ఉన్న పునీత పేతురు గారు వినాలనిపించినప్పుడు దిగి వస్తారు. పడవ తిరిగిరాని వాళ్ళ తల్లుల దగ్గరికి చాలాసార్లు వచ్చారు. సంఘం మాటలు వినడానికి మాత్రం, ఎర్మీనియా గారు ఎరిగి, ఎప్పుడూ దిగలేదు. ఆయన కిర్రు కిర్రుమంటూ చివరిదాకా నడిచారు. ఫెలిస్మీనా పావడా సర్దుకుని జరిగింది. పేతురు గారు అక్కడ కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు.

పేతురు గారు వెనకుంటే ముందు వరసలోంచి మాట్లాడడం బాగుండదు. ఫాదర్ తన కుర్చీ ఎత్తుకుని వెనక్కి వచ్చాడు. తర్వాత పెద్దలు ఒక్కొక్కరే. అందరికన్నా చివర ఎర్మీనియా గారు. దగ్గరికొచ్చాకే ఆవిడ దియోలిండా వేళ్ళ మీద కత్తి గాట్లు చూసింది.

“మరి ఏం కావాలమ్మా?” అంది.

“మీ హాలు వంటగది తాళం తీయండి. మొక్కజొన్న పిండి మీరు తెండి, ఆలుచిప్పలు మేం తెస్తాం. సంకటి మేమే వండుతాం. ఏ రోజన్నది నీళ్ళని బట్టి మేం చెప్తాం. ఇంకో మాట. మీరూ మాతో కూర్చుని తినాలి. వడ్డించి నుంచుని చూడడం కాదు.”

భర్త పోయాక ఎర్మీనియా గారు రోజూ ఒక్కరే తింటారు.

“నాకు సంకటి కలపడం రాదు” అంది ఆవిడ.

“నేర్పుతా అమ్మగారూ. రెట్టలు నొప్పెడతాయి, అంతే.”

పేతురు గారు మళ్ళీ గూట్లోకి వెళ్ళలేదు. ఊళ్ళోవాళ్ళే పూలూ కొవ్వొత్తులూ వెనక్కి మార్చారు. సంఘం కూడా అక్కడే కూర్చుంటోంది, అందులో ఇప్పుడు దియోలిండా కూడా ఉంది.

వసంతంలో బిషప్ గారి ఆఫీసు నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. వంటగదిలో ఎర్మీనియా గారి మంచి బట్టలు చూసి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్ళాడు.

“బీదవాళ్ళ భోజనం మీరే చూస్తున్నారా అమ్మా?”

ఆవిడ చెమటలు కక్కుతూ సంకటి తిప్పుతోంది. తల ఎత్తకుండానే గరిటెతో చూపించింది. “ఆవిణ్ణి అడగండి. ఇక్కడ ఆవిడ మాటే మాట. నేనింకా కలపడం నేర్చుకుంటున్నా.”

దియోలిండా చేతులు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

“నీళ్ళు ఎక్కుతున్నాయి, మావాళ్ళు వచ్చేస్తారు. ఆ బల్లలు కాస్త ఇటు జరపండి బాబూ.”

ఆయన కోటు విప్పి, బల్ల అంచు పట్టుకున్నాడు.