భర్తీ మట్టి

లాజరు తాపీ మేస్త్రి. మెదక్‌లో ఆయన కట్టిన గోడకు ఒకసారి దారం పట్టి చూసినవాడు మళ్ళీ పట్టడు. అలాంటి మనిషి సొంత ఇంటి వెనుక జాగ మాత్రం ఏడాదిగా చిత్తడి పట్టి ఉంది. కాలువ పూడిపోయి, స్నానాల గది నీళ్ళు అక్కడే ఇంకుతున్నాయి. చామాకు మోకాలు దాటింది. గోడంతా పాచి. తుంగ, గరిక, పేరు తెలియని తీగలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పెరిగాయి.

ఆ నీళ్ళకు దారి తీసే పని భార్య యేసమ్మది. పోయినేడు తొలకరి మిరుగం కార్తె దాటాక జ్వరమని దవాఖానకు పోయి, తిరిగి రాలేదు. ఆనాటి నుంచి లాజరు వెనుక తలుపు గడియ తీయలేదు. ఏడవనూ లేదు. సమాధుల తోటలో అందరూ మట్టి వేస్తుంటే, గుంత మూల వంకరగా తవ్వారని దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

కూతురు రోజీ తూప్రాన్‌లో నర్సు. ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం వచ్చి, తండ్రికి అన్నం పెడుతూ కదిలించింది.

"నాయినా, అమ్మ ఏడాది ప్రార్థన మనింట్లనే పెడదాం. వెనుక జాగ సాఫ్ చేస్తే అందరు కూసుంటరు."

"చేస్త."

"ఇంకోటి. మిరుగానికి పూస్తయి గద, అమ్మ తెల్లపువ్వులు. సమాధి మీదికి గా పువ్వులే కావాలె. కొన్నయి నాకొద్దు. అమ్మ చేతియి గవొక్కటే మిగిలినయి. జర పైలంగ ఉంచు."

"ఉంచుత."

ఏ చెట్టో అడగలేదు. తనకు తెలియదని కూడా చెప్పలేదు. ఏటా బైబిలు పక్కన గ్లాసులో ఆ పువ్వులు చూశాడు. ఎక్కడి నుంచి తెంపుకొచ్చేదో ఏనాడూ చూడలేదు.

మర్నాడు గడియ తీశాడు. చామ నరికాడు, తీగలు లాగాడు. గోడ మూలన ఒక నందివర్ధనం కనబడింది. తెల్లపువ్వే కదా, ఇదే అయి ఉంటుందని దాని చుట్టూ ఇటుకలు పేర్చి కుదురు కట్టాడు. మిగతాదంతా గడ్డేనని పారతో చెక్కేశాడు. కాలువ తీసి పైపు వేశాడు. జాగంతటికీ కాలువ వైపు వాలు పెట్టాడు.

నడుమ పల్లం పూడ్చడానికి మొరం కంకర కావాలి. గడ్డి మట్టి భర్తీకి పనికిరాదు, మళ్ళీ మొలుస్తుంది అని పనివాళ్ళను తిట్టేది ఆయనే. ఆ రోజు మాత్రం చెక్కిన గడ్డి మట్టినే పల్లంలోకి లాగి, తొక్కి, పైన ఇసుక పోసి షాబాద్ బండలు పరిచాడు. ఎందుకట్లా చేశావంటే చెప్పలేడు. చేతులు చేసుకుపోయాయి, అంతే. ఒక వాన పడి బండ కుదురుకున్నాక సందుల్లో సిమెంటు నింపితే పని అయిపోతుంది.

పక్కింటి రామమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఓ లాజరన్నా! ఏం వైభోగమే! మందికి బండలేసుడే గాని యేసమ్మకు ఒక్క బండ ఎయ్యకపోతివి. మా గడప పగిలి ఎన్నొద్దులాయె, అటు దిక్కే చూడవైతివి."

"టైం దొరకలే, రామక్కా."

"గిప్పుడు దొరికిందా మరి?" అనేసి నాలుక కరుచుకుంది. మాట మార్చడానికి జాగంతా కలియజూసింది. "గా గోడ పొంటి ఉల్లాకు లెక్క ఉండె గద, ఏం జేసినవ్?"

"ఏ ఉల్లాకు?"

"యేసమ్మ వానపువ్వు! ఎండకు ఆకు పండి గడ్డిలెక్కనే ఉంటది. కింద గడ్డలుంటయి. మిరుగం చినుకు పడితే తెల్లగ లేస్తయి."

లాజరు నందివర్ధనం వైపు చేయి చూపించాడు. "గది గాదా?"

"గది నేనిచ్చిన కొమ్మ. యాడాదంత పూసేదానికి మిరుగమెందుకే? అయ్యో, పీకినవా ఏంది?"

ఆమె పోయాక లాజరు గడ్డపారతో ఒక బండ లేపాడు. తడి మట్టి, చివికిన వేర్లు. చేతితో పిసికి చూశాడు, ఏమీ తగలలేదు. బండను మళ్ళీ మట్టం చూసి పెట్టాడు. ఇంకో బండ లేపలేదు. రోజీకి చెప్పాలని ఫోన్ తీసి, జేబులో వేసుకున్నాడు. బాధగా ఉందా అంటే అదీ తెలియలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియనట్టు ఉంది.

మిరుగం వచ్చింది. వాన గట్టిగానే పడింది. నీళ్ళు ఒక్క చుక్క నిలవకుండా కాలువలోకి పోవడం కిటికీ నుంచి చూశాడు. మర్నాటి నుంచి ఊళ్ళో ఒక స్లాబు పనికి పోయాడు. చీకటితో పోయి చీకటితో వచ్చాడు.

ప్రార్థన రోజు పొద్దున్నే ముందు గుమ్మం దగ్గర తట్టలో సిమెంటు మాలు కలిపాడు. జనం వచ్చేలోపు సందులు నింపేయాలి. అప్పుడే రోజీ బస్సు దిగి వచ్చింది.

"పువ్వులేవి నాయినా?"

లాజరు తట్ట ఎత్తుకుని వెనుక తలుపు తోసి, గడప మీదే ఆగిపోయాడు.

బండల సందులన్నీ తెల్లగా ఉన్నాయి. సందు దొరికిన చోటల్లా సన్నటి కాడ, కాడకో పువ్వు. దారం కట్టి నాటినట్టు వరుసలు తీరి, కాలువ దాకా ఉన్నాయి.

"అబ్బ! గిట్ల నాటినవా నాయినా?"

"నాటలే. భర్తీ తప్పు జేసిన."

రోజీకి అర్థం కాలేదు. వంగి తెంపడం మొదలుపెట్టింది.

"అన్ని తెంపకు బిడ్డా."

తట్టలో మాలు బిగుసుకోవడానికి వచ్చింది. లాజరు తట్టా, తాపీ తీసుకుని, ముందు నుంచి తిరిగి రామమ్మ ఇంటికి నడిచాడు. పగిలిన గడప ముందు కూర్చుని నీళ్ళు చల్లాడు.

"ఇయ్యాల ప్రార్థన పెట్టుకొని గీ పనేంది లాజరన్నా?"

"మాలు ఆగది రామక్కా," అన్నాడు, పగుల్లోకి సిమెంటు కూరుతూ.